కిల్టు కుచ్చిళ్లు వెనక్కే

అయ్యా,
స్కాట్లండ్‌లో పట్టా పుచ్చుకునే రోజుకు కిల్టు (అక్కడి మగవాళ్లు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ల వస్త్రం) ఇక్కడే కుట్టించుకునే మన విద్యార్థులు ప్యాంటు నడుము కొలత ఇవ్వొద్దు, జారిపోతుంది. బొడ్డు దగ్గర కొలవాలి. అంచు మోకాలిచిప్ప మధ్యకు రావాలి. నిండు కిల్టుకు 7 మీటర్ల పైనే ఉన్ని గుడ్డ పడుతుంది. పెద్ద పన్నా అయితే నిలువునా రెండుగా కోసి కలపొచ్చు, సగం చాలు. పంచెలా కుచ్చిళ్లు ముందుకు తేవొద్దు. అవి వెనకే, ముందు భాగం చదును. ముందు ఒకదానిపై ఒకటి వచ్చే రెండు పొరల్లో పిన్ను పై పొరకే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చోగానే గుడ్డ చిరుగుతుంది. పలుచని పాలియెస్టర్ చవకే కానీ బరువు లేక గాలికి లేస్తుంది. జేబుల కిల్టు సంప్రదాయ విరుద్ధమనడం మాత్రం మాకు నచ్చదు. కుచ్చిళ్లు కుట్టిన కిల్టే 18వ శతాబ్దంలో వచ్చిన మార్పు!

— కొందరు దర్జీలు, సుల్తాన్ బజార్, హైదరాబాద్