ముదురు రంగు చీరల సంగతి

చిట్టితల్లీ,

ఫోనులో చెప్పాలని రెండుసార్లు మొదలుపెట్టి మాట మార్చేశాను. నీ పక్కన అల్లుడుగారు, నా పక్కన మీ నాన్న. అందుకే ఈ ఉత్తరం.

"ఎప్పుడూ ముదురు రంగు చీరలేనా అమ్మా?" అని అడిగేదానివి గుర్తుందా? మీ తమ్ముడు పుట్టినప్పటి నుంచి దగ్గినా తుమ్మినా నాకు మూత్రం పడేది. తడి కనబడకూడదని ఆ చీరలు. పదిహేనేళ్ళు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, సరిగా పరీక్షించకుండానే గర్భసంచి తీసేద్దాం అన్నారు. తీసినంత మాత్రాన మూత్రం పడడం ఆగదని తర్వాత ఫిజియోథెరపిస్టు చెబితే తెలిసింది.

కటి ఎముకల మధ్య, ముందు నుంచి వెనక్కి, చీరతో ఉయ్యాల కట్టినట్టు కండరాలుంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పేగు చివరిభాగం వాటి ఆసరాతోనే నిలుస్తాయి. బిడ్డ బరువుకూ కాన్పుకూ అవి సాగుతాయి. మీ అమ్మమ్మకు గర్భసంచి జారింది అందుకే. బాలింతగా ఉండగానే నీళ్ళ బిందెలు మోసింది పాపం. ఆ కండరాలను బిగించే వ్యాయామం గురించి ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాశారట. నా చెవిన పడేసరికి నాకు 52 ఏళ్ళు!

నీకిప్పుడు ఏడో నెల. మీ డాక్టరును ఒక మాట అడిగి ఇప్పుడే మొదలుపెట్టు. గాలి పోకుండా, మూత్రం రాకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి, పూర్తిగా వదులు. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టకు, పిరుదులు, తొడలు కదలకూడదు. మూత్రానికి వెళ్ళినప్పుడు మాత్రం చేయకు. తుమ్ము వచ్చేలా ఉంటే ముందే బిగించు. మూడు నెలలైనా మానకుండా చేస్తేనే నాకు తేడా తెలిసింది.

ఇక పథ్యం. బాలింతకు నీళ్ళు తగ్గించి, కూరలు మాన్పించి, మలబద్ధకంతో ముక్కించడం మన ఇళ్ళలో ఉన్నదే. ఆ ముక్కడమే ఈ కండరాలకు శత్రువు. పురిటికి వచ్చాక నీకు ఆకుకూర నేనే వండి పెడతాను. మీ పెద్దమ్మ ఎన్ని అన్నా సరే.

కాన్పు తర్వాత మూత్రం పడినా, కింద ఏదో జారుతున్నట్టు అనిపించినా సిగ్గుపడి నాలాగా దాచకు.

కందిపొడి, సున్నుండలు, నెయ్యి పార్సిల్ చేశాను. బరువుగా ఉంది. అల్లుడుగారి చేత పైకి మోయించు.

మీ అమ్మ