ఫంక్షన్ హాళ్లకు అనుమతి ఇచ్చే ముందే ధ్వనిని కొలిపించాలి

సంపాదకుల వారికి,

ముహూర్తాలు మొదలైతే చాలు, పాలకొల్లు, భీమవరం, తణుకు పరిసరాల్లో కాలువగట్ల వెంబడి, పూడ్చిన వరిచేలల్లో వెలసిన ఫంక్షన్ హాళ్ల పక్కన కాపురముంటున్నవారికి రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదు. మా ఇంటికి దగ్గరలోని హాలులో డీజే పెట్టిన రాత్రి, తలుపులన్నీ వేసుకున్నా అలమరలోని స్టీలు గిన్నెలు గలగలమంటూనే ఉంటాయి. ఫిర్యాదు చేస్తే ఎవరో ఒకరు వచ్చి తగ్గించమని చెబుతారు, వారు వీధి మలుపు తిరగకముందే మోత మళ్లీ మొదలవుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెళ్లు మించకూడదు. పరిమితి ఉంది గానీ, హాలు కట్టేటప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకునేవారు లేరు. ఆ పని చేయవలసినవారు అకౌస్టిక్ కన్సల్టెంట్లు, అంటే భవనాల్లో ధ్వనిని లెక్కగట్టి సలహా ఇచ్చే నిపుణులు. సినిమా హాళ్లకు, రికార్డింగ్ స్టూడియోలకు మాత్రమే వారు అవసరమనుకోవడం పొరపాటు.

మన హాళ్లలో చాలావాటికి పైకప్పు ఒంటి పొర రేకు. బరువు లేని రేకు డీజే బేస్ ధ్వనిని, అంటే ఆ లోతైన మోతను, ఆపలేదు. కొందరు యజమానులు గోడలకు ఫోమ్ అంటించి సౌండ్ ప్రూఫ్ చేయించామంటారు; ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప బయటికి పోయే మోతను ఆపదు. దానికి బరువైన గోడ, మధ్యలో ఖాళీ వదిలి రాక్ ఊల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పదార్థం) నింపిన రెండు పొరల కప్పు, సందులు లేని తలుపులు కావాలి. పైగా మనది చదునైన డెల్టా. ప్రశాంతమైన రాత్రిళ్లు నేలను ఆనుకున్న గాలి పైగాలికన్నా చల్లబడినప్పుడు ధ్వని కిందికి వంగి, చేల మీదుగా దూరపు ఊళ్ల దాకా వినిపిస్తుంది.

కొలిచే తీరు కూడా ముఖ్యమే. చట్టం వాడే 'ఎ' కొలమానం చెవి వినే తీరును అనుసరించి లోతైన ధ్వనులను తక్కువగా లెక్కిస్తుంది; సెకనుకు 63 కంపనాల, అంటే 63 హెర్ట్‌జ్ దగ్గర బేస్‌ను సుమారు 26 డెసిబెళ్లు తగ్గించి చూపుతుంది. అందువల్ల ఇల్లు అదురుతున్నా అంకె మామూలుగానే కనిపించవచ్చు. ఫోన్ యాప్‌తో హాలు గేటు దగ్గర కాక, క్రమాంకనం చేసిన (సరిగ్గా చూపుతోందని పరీక్షించి సరిచేసిన) మీటరుతో పక్కింటి గోడ వద్ద, రాత్రి వేళ, బేస్‌ను అంతగా తగ్గించని 'సి' కొలమానంలోనూ కొలవాలి.

పెళ్లిళ్లలో సన్నాయి, డోలు వద్దని ఎవరూ అనరు. కొత్త హాలు ప్లానుతోపాటు ధ్వని నివేదికను పురపాలక, పంచాయతీ అధికారులు తప్పనిసరి చేయాలి. ఇప్పటికే నడుస్తున్న హాళ్లలో సౌండ్ లిమిటర్లు (శబ్దం నిర్ణీత స్థాయి దాటకుండా ఆపే పరికరాలు) బిగించి, వాటికి సీలు వేయించి, వచ్చే శ్రావణ ముహూర్తాల లోపు తనిఖీ పూర్తి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, పాలకొల్లు