ర్యాంపు ఉంటే సరిపోదు, ఎక్కేలా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాలో ప్రభుత్వ ఆఫీసులకు ర్యాంపులు కడుతున్నారు, సంతోషమే. కానీ కొలతలు చూసేదెవరు? అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు కావాలి. ఆరంగుళాల మెట్లు మూడున్న చోట ర్యాంపు 18 అడుగులు రావాలి. స్థలం లేదని ఆరడుగుల్లో ముగిస్తే వీల్‌చైర్ వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు మనిషి బోర్లా పడతాడు. స్థలం చాలకపోతే మధ్యలో చదును వదిలి మలుపు తిప్పొచ్చు. పైన తలుపు ముందు కూడా ఐదడుగుల చదును ఉండాలి, లేకుంటే తలుపు తీసేలోపే బండి కిందికొస్తుంది. నున్నటి టైల్స్ అసలే వద్దు. (ఇంత చేశాక ర్యాంపుకు అడ్డంగా బైకులు పెట్టేది మనమే!)

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో నడుం వంగిన పెద్దలకు వీల్‌చైర్ కంటే పట్టుకునే కమ్మీ ముఖ్యం. అది రెండు వైపులా, రెండు ఎత్తుల్లో ఉండాలి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే లోపలికి తెరిచే తలుపును మనిషే అడ్డుకుంటాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇవన్నీ అడిగే హక్కు ఇచ్చింది. ప్రమాణాలు ఐచ్ఛికం కాదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టరు బిల్లు పాస్ చేసే ముందు ఇంజనీరు టేపు పట్టి వాలు కొలిస్తే చాలు.

– ఒక పాఠకుడు, నల్లగొండ