సర్వర్ ఆగిన సంగతి ముందు తెలియాల్సింది క్యూలో ఉన్నవాళ్లకా?

సంపాదకులకు నమస్కారం.

మాది మిర్యాలగూడ. ఇక్కడి కొన్ని రైస్ మిల్లులకు, ఒకటి రెండు ప్రైవేటు కాలేజీలకు సర్వర్లు చూసుకోవడం నా పని. అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా 'సర్వర్ డౌన్' అనే మాట వినాల్సిందే. ఆ మాట అన్నాక ఎవరూ ఎదురు అడగరు, రేపు రమ్మంటే రేపే వస్తారు. నేను చూసినంతలో సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయేది తక్కువ. ముందు నుంచీ సూచనలు ఇస్తూనే ఉంటాయి, పట్టించుకునే దిక్కుండదు.

మొన్న జూన్‌లో జిల్లాలోని ఒక కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఫీజు రసీదులు రావడం లేదట, తల్లిదండ్రులు ఆఫీసు ముందు గొడవ పడుతున్నారట. వెళ్లి లాగిన్ అయి చూస్తే డిస్క్ నూటికి నూరు శాతం నిండి ఉంది. సర్వర్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైళ్లు పెరిగి పెరిగి, డేటాబేస్ కొత్తగా ఒక్క ఎంట్రీ రాసుకోవడానికి కూడా చోటు లేదు. పాత లాగ్‌లు తీసేసి, పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు తొలగించే లాగ్‌రొటేట్‌ని సరిచేయగానే రసీదులు మొదలయ్యాయి. అరగంట పని. కానీ ఆ డిస్క్ నిండడానికి నెలలు పట్టి ఉంటుంది. బ్యాకప్ కూడా ఎప్పుడో ఆగిపోయింది, అదీ ఎవరికీ తెలియదు. ఆ సర్వర్ గదికి ఏసీ, తాళం, సీసీ కెమెరా మాత్రం ఉన్నాయి.

దీనికి లక్షలు పోసి ఏమీ కొనక్కర్లేదు. సర్వర్లకు కాపలా కాసే ప్రొమీథియస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీ ఇంజనీర్లు తమ అవసరానికి మొదలుపెట్టింది. లైసెన్సు ఫీజు పైసా లేదు. ఇదే పని చేసే, అంతకన్నా పాతవి నాగియోస్, జాబిక్స్ కూడా మంచివే. లైనక్స్ తెలిసిన పిల్లవాడు ఒక పూటలో ప్రొమీథియస్ పెట్టేస్తాడు. అధికారిక సైట్ నుంచి దించుకుని, దానికంటూ వేరే యూజర్‌ని తయారుచేసి, లైనక్స్‌లో ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డి కింద సర్వీసుగా పెడితే కరెంటు పోయి వచ్చినా దానంతటదే లేస్తుంది. మనం కనిపెట్టుకోవాల్సిన ప్రతి సర్వర్‌లో నోడ్ ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండాలి. డిస్క్, మెమరీ, సీపీయూ లెక్కలు అది 9100 పోర్టు (నెట్‌వర్క్‌లో ప్రోగ్రామ్‌కి ఉండే ద్వారం) మీద చెబుతుంటుంది. 15 సెకన్లకోసారి పెట్టుకుంటే ప్రొమీథియస్ ఆ ప్రకారం వచ్చి లెక్కలు తీసుకుపోతుంది.

ప్రొమీథియస్‌ని మాత్రం అదే సర్వర్‌లో పెట్టొద్దు. సర్వర్ పడిపోతే కాపలా కూడా దాంతోనే పడిపోతుంది. మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ అయినా చాలు. ప్రొమీథియస్ వాడుకునే 9090 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి వదలొద్దు, మనం పెడితే తప్ప దానికి పాస్‌వర్డ్ ఉండదు.

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. ఆపైన ఆ లెక్కలను గ్రాఫులుగా చూపే గ్రఫానా పెట్టి, రంగురంగుల గ్రాఫులు గోడ మీది టీవీలో వేసి, సార్లకు చూపించి, ఫొటో దిగి వదిలేస్తారు. రాత్రి రెండింటికి ఆ టీవీ ఎవరు చూస్తారండీ? ప్రొమీథియస్ హెచ్చరికలను మనకు చేరవేసే అలర్ట్‌మేనేజర్ కూడా పెట్టి, కబురు ఫోన్‌కి వచ్చేలా చేయాలి. మెయిల్ కన్నా టెలిగ్రామ్ నయం, మన ఆఫీసుల్లో మెయిల్ తెరిచేవాళ్లు ఎంతమందో మనకు తెలియనిదా! డిస్క్ 90 శాతం దాటాక చెప్పమనడమే కాదు, ఇదే వేగంతో పోతే రేపటికి నిండుతుందా అని కూడా అడగొచ్చు. ప్రిడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఆ లెక్క కడుతుంది. సీపీయూ వాడకం ఒక్క క్షణం ఎగిరిందని మోగకుండా, పది నిమిషాలు అలాగే ఉంటేనే మోగేలా గడువు పెట్టాలి. లేకపోతే పొద్దస్తమానం మెసేజులు వచ్చి 'నాన్నా పులి' కథవుతుంది, గ్రూపుని మ్యూట్‌లో పెట్టేస్తారు.

యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో ఇక్కడి ఒక మిల్లులో, కాటా ముందు లారీలు బారులు తీరి ఉండగా, బిల్లింగ్ సర్వర్ డిస్క్ తెల్లారేసరికి నిండుతుందని సాయంత్రమే మెసేజ్ వచ్చింది. గుమాస్తా చాయ్ తాగి వచ్చేలోపు చోటు చేశాం. కాటా ఆగలేదు, డ్రైవర్లకు సంగతే తెలియదు.

ప్రభుత్వ కార్యాలయాలకు, కాలేజీ యాజమాన్యాలకు నాదొక మనవి. సర్వర్‌కి టెండర్ పిలిచేటప్పుడు ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని పేజీల కొద్దీ రాస్తున్నారు. ఈ కాపలా కూడా అందులో కలపండి. అలర్ట్ ఎవరి ఫోన్‌కి వెళ్లాలో, ఆయన ఎత్తకపోతే ఎవరికి వెళ్లాలో హోదాతో సహా రాయండి. బిల్లు చెల్లించే ముందు అధికారి ఎదుటే ఒక సర్వీసుని ఆపించండి. ఫోన్ మోగితేనే సంతకం.

– ఒక సిస్టమ్ అడ్మిన్, మిర్యాలగూడ