దసరాకి బొట్టు పెట్టాలా?

చిట్టితల్లికి,

ఇక్కడ అందరం బాగున్నాం. ఎడగారు వరి కోతలు అయిపోయాయి. నువ్వు ఫోన్ చేసి పదిహేను రోజులైంది. పరీక్షలేమోలే అనుకున్నాం.

మొన్న బుచ్చిలో సుబ్బమ్మత్త కొడుకు సెల్లులో ఫోటో చూపించాడు. నువ్వు, నీ భుజాన తుపాకి. "పాప మిలిటరీలో చేరిందా?" అని టీ కొట్టు దగ్గర నలుగురూ అడిగారు. నవ్వేశాను. ఆ రాత్రి మీ అమ్మ అన్నం తినలేదు. నేను తిన్నాను, కొంచెం.

"అది ఆయుధం కాదు నాన్నా, స్పోర్ట్స్ సామాను" అన్నావు పోయిన నెలలో. సరే. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్ ఒలింపిక్స్ నుంచి బంగారు పతకం తెచ్చిందీ పది మీటర్ల షూటింగ్‌లో, ఇలాంటి ఎయిర్ రైఫిల్‌తోనే. నేనూ కనుక్కున్నాలే. గొట్టం బెజ్జం 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదట. ఆ మాట రాసిందెక్కడ? 2016 ఆయుధాల రూల్స్‌లో! ఆయుధం కాకపోతే దాని ఊసు అక్కడెందుకమ్మా?

మీ తాత రెండు గొట్టాల తుపాకిని ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. భయంతో మేమెవరం దాని జోలికి పోలేదు. రమణయ్య మామ ఎయిర్ గన్ అంటేనే ఎవరికీ భయం లేదు. కాకుల్ని తోలడానికి కొన్నాడు, గుండు ఉందో లేదో చూడకుండా గూట్లో పెట్టేవాడు. నాకప్పుడు పదేళ్లు. మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్లు వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మామ చిన్నోడు ఆ ఎయిర్ గన్ నా మీద గురిపెట్టి "చేతులెత్తు" అన్నాడు. ఎత్తాను. ఎత్తబట్టే బతికాను. గుండు చంక కిందుగా పోయి వెనకాల మజ్జిగ కుండకి తగిలింది. కుండ పోయిందని మా అమ్మ నన్నే బాదింది! అది తుపాకని మా ఇంట్లో తెలిసింది మజ్జిగ నేలపాలయ్యాకే.

అందుకే చెప్తున్నా. ఖాళీదైనా మనిషి వైపు తిప్పకు. రూములో పిల్లలకి ఫోటోలకని ఇవ్వకు. గుండ్లు వేరే పెట్టెలో పెట్టు. అవి సీసంవి, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోకు. రైఫిల్‌కున్న ఆ గాలి సిలిండరులో ఒత్తిడి 200 బార్ అట, ఎండలో పెట్టకు. రేపు పాయింట్ టూ టూ రైఫిల్ కావాలంటావేమో, దానికి లైసెన్సు కావాలి, ముందు నాతో చెప్పు. ఎడమ భుజం నొప్పి తగ్గిందా? లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

దసరాకి వస్తావుగా. ఆయుధ పూజలో కొడవలి, గడ్డపార, ట్రాక్టరు పక్కన నీ తుపాకికి బొట్టు పెట్టాలా వద్దా అని మీ అమ్మ అడుగుతోంది. నువ్వే చెప్పు.

మలైకాజా బస్సుకి వేస్తున్నా. అందగానే ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్.

నాన్న