టెర్రస్ మీద మొక్కలు పెడితే గ్రీన్ బిల్డింగ్ అయిపోద్దా?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో గ్రీన్ బిల్డింగుల మీద పేజీ నిండా వేశారు కదా, అది చదివినప్పట్నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటే ఇవాళ్టికి కుదిరింది. ఫొటోలు బానే ఉన్నాయి. టెర్రస్ మీద తోట, సోలార్ పలకలు, గోడలెక్కే తీగలు, వాటి ముందు నవ్వుతూ బిల్డరు. పేజీ అంతా వెతికినా ఆ స్లాబు గట్టిపడేదాకా ఎన్ని రోజులు నీళ్ళు కొట్టి తడిగా ఉంచారో, అదే క్యూరింగ్ అంటాం, దాని గురించి ఒక్క ముక్క లేదు. అదేం గ్రీనండీ?

ముప్పై ఏళ్ళు సైట్లలో సూపర్‌వైజరుగా తిరిగినవాణ్ణి, అక్కడ జరిగేది చెప్తా వినండి. 50 కిలోల సిమెంటు బస్తాకి 25 లీటర్ల నీళ్ళు సరిపోతాయి అనుకోండి. మాల్ గట్టిగా ఉంది, పారకి రావట్లేదని కుర్రాడు మిల్లర్లో ఇంకో బకెట్ కుమ్మరిస్తాడు, అదో 10 లీటర్లు. ఇంకేముంది, మాల్ జారుగా పడుద్ది, పని తొందరగా తెమిలిపోద్ది, అందరూ హ్యాపీ. బలం మాత్రం దాదాపు మూడో వంతు ఆ బకెట్‌తోనే పోయింది. నీళ్ళు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం పడిపోద్దని డఫ్ ఏబ్రమ్స్ అనే ఆయన 1918లోనే లెక్కగట్టి చెప్పాడు, వందేళ్ళు దాటినా మన బకెట్ ఆగలేదు. కుర్రాడిని తిట్టి ఏం లాభం, వాడికి ఎవడైనా నేర్పితే కదా. మాల్‌ని కుదిపి సర్దే వైబ్రేటర్ మిషన్ పెడితే గట్టి మాల్ కూడా చక్కగా కూర్చుంటుంది, ఆ వైబ్రేటర్ అద్దె మిగుల్చుకున్నది ఎవరో అడగాలి ముందు.

క్యూబ్ టెస్ట్, అంటే కాంక్రీటుని చిన్న దిమ్మలుగా పోసి బలం చూసే పరీక్ష, అది ఉందిగా అంటారు. ఉంది. ఆ క్యూబులకి మాల్ వేరే కలుపుతారు, నాలుగు తాపీల సిమెంటు ఎక్కువేసి, దగ్గరుండి పొడిచి పొడిచి నింపి, 28 రోజులు నీళ్ళ తొట్టిలో పసిపిల్లల్లా చూసుకుంటారు. స్లాబేమో మూడో రోజుకే ఎండలో నోరు తెరుచుకుని ఉంటుంది. రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, అది క్యూబుల రిపోర్టు, బిల్డింగుది కాదు. అబద్ధం ఎందుకు, ఉద్యోగం పోతుందని నేనూ రెండుసార్లు అలా చేయించాను, అందుకే ఇంత కోపం.

ఇక పర్యావరణం. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటు తయారీదే. బట్టీలో బొగ్గు మండించేది కొంతే, సగానికి పైగా సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచే వస్తుంది, కాబట్టి కరెంటు సోలార్ చేసినంత మాత్రాన తగ్గేది కాదు. ఇసుక, కంకర కలిపి ఏడాదికి 5,000 కోట్ల టన్నులు తవ్వుతున్నామని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. ఇంత తగలేసి కట్టింది అరవై ఏళ్ళు నిలబడాలా వద్దా? ఇనుము చుట్టూ కాంక్రీటు పట్టేలా ఎడం ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా ఇనుముని సెంట్రింగ్ రేకు మీదే పడుకోబెట్టి పోస్తే పదిహేనేళ్ళకి తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడతాయి, ఇరవయ్యో ఏట పడగొట్టి మళ్ళీ కడతారు. అంటే సిమెంటు రెండుసార్లు, ఇసుక రెండుసార్లు. రెండోసారి కట్టినప్పుడు ఇంకో అవార్డు కూడా ఇస్తారేమో.

రూల్సు పుస్తకాల్లో ఉంటే చాలదు సార్. 2010లో హైతీలో 7.0 భూకంపం వస్తే లక్షకు పైగా పోయారు, అప్పటికి అక్కడ దేశం మొత్తానికి ఒక బిల్డింగ్ కోడే లేదు. అదే ఏడాది నెలన్నర తర్వాత చిలీలో 8.8 వచ్చింది, విడుదలైన శక్తి దాదాపు 500 రెట్లు, చనిపోయింది అయిదొందల పైచిలుకు. చిలీలో కోడ్ ఉంది, కట్టి అమ్మినవాడు నిర్మాణ లోపాలకి పదేళ్ళు పూచీపడాలన్న చట్టమూ ఉంది. టర్కీలో కోడ్ ఉంది గానీ 2018లో డబ్బు కట్టించుకుని అక్రమ కట్టడాలకి క్షమాభిక్ష పెట్టారు, 2023 భూకంపంలో ఏమైందో మీ పేపర్లోనే చదివాం. బంగ్లాదేశ్‌లో 2013లో కూలిపోయిన రానా ప్లాజా అనే బిల్డింగుకి ముందురోజే పగుళ్ళు కనపడ్డాయి, కింది అంతస్తులో బ్యాంకు మూసేసుకున్నారు, పైన బట్టలు కుట్టేవాళ్ళని మాత్రం తెల్లారి పన్లోకి తోలారు. 1,134 మంది పోయారు.

మనలాంటి దేశాల్లో ఆఫీసర్లు చూసేదేంటి? ప్లాన్ కాగితం, ఫీజు రసీదు. పిల్లర్‌లో రింగు ఎన్ని అంగుళాలకి కట్టారో పోయకముందు వచ్చి చూసిన మహానుభావుణ్ణి నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, పోసేశాక ఎవడికి కనపడుద్ది. రేటింగులిచ్చేవాళ్ళు బల్బులు, కుళాయిలు లెక్కపెడతారు, తప్పని అనను, వాటితోపాటు క్యూరింగ్ రిజిస్టరు కూడా అడిగితే ఏం పోయింది?

నా లేఖ సగం కోసేస్తారని తెలుసు, ఈ ముక్కైనా ఉంచండి. ఈసారి మీ విలేకరి అలాంటి ప్రారంభోత్సవానికి వెళ్తే పైన తోటకి వెళ్ళేముందు సెల్లార్లోకి దిగి, రంగు పడని మూల ఏదన్నా పిల్లర్‌ని బండి తాళంతో గోకి చూడమనండి. ఇసుకలా రాలితే ఆ ఫొటో కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్