వెబ్‌సైట్ల లిస్టు అడిగిన తమ్ముడికి

షార్లెట్, నార్త్ కరోలినా
అక్టోబరు 6, ఆదివారం

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు, మరదలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మేం బాగానే ఉన్నాం. టీవీలో హెలీన్ తుపాను చూసినప్పటి నుంచి అమ్మ రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తోంది. ఊళ్లు దెబ్బతిన్నది మాకు పడమరగా, ఆష్‌విల్ వైపు కొండల్లో. మా వీధిలో గాలివానకి రెండు చెట్లు పడ్డాయి, అంతే. ఆ మాట నువ్వు కూడా ఒకసారి చెప్పు, నేను చెప్తే దాస్తున్నానని అనుకుంటోంది. నాయన షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడో లేదో కూడా కనుక్కో.

మొన్న ఫోన్లో అడిగావు కదా, "స్కూల్లో పెద్ద టీవీ లాంటి డిజిటల్ ప్యానెల్ పెట్టారక్కా, సైన్సుకీ లెక్కలకీ మంచి వెబ్‌సైట్ల లిస్టు పంపు" అని. ఫోన్లో సగం మాటలు తెగిపోయాయి, అందుకే కూర్చుని రాస్తున్నాను. లిస్టు పంపడం రెండు నిమిషాల పని. కానీ నేను టీచరుగా జే-1 వీసా మీద ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాదే అలాంటి లిస్టు నా దగ్గర ఉంది. దాంతో ఏం వెలగబెట్టానో ముందు విను.

మా బడిలో పిల్లలందరికీ తలా ఒక క్రోమ్‌బుక్, అంటే చిన్న ల్యాప్‌టాప్, ఇస్తారు. నెట్ ఎప్పుడూ ఉంటుంది. హైదరాబాద్‌లో చాక్‌పీసు ముక్క కోసం ఆఫీసు రూముకి తిరిగినదాన్ని, ఇదంతా చూసి మురిసిపోయాను. కరెంటు పాఠానికి ఇరవై నిమిషాల వీడియో ఒకటి వెతికిపెట్టాను. రంగులు, మ్యూజిక్, తీగలో పరుగెత్తే ఎలక్ట్రాన్లు, అన్నీ ఉన్నాయి. పిల్లలు కదలకుండా చూశారు. అయ్యాక బోర్డు మీద ఒక సెల్లు, ఒక బల్బు గీసి అడిగాను: బల్బుకి ముందున్న తీగలో కరెంటు ఎక్కువా, దాటాక ఎక్కువా? ఇరవై ఎనిమిది మందిలో పంతొమ్మిది మంది ముందే ఎక్కువ అన్నారు. బల్బు కొంత తాగేస్తుందట. వీడియోకి ముందు అడిగినా అదే చెప్పేవాళ్లు. అంటే ఆ ఇరవై నిమిషాలూ వాళ్లు సినిమా చూశారు, నేను టీ తాగాను.

ఇప్పుడు అదే పాఠం వేరేగా చెప్తున్నాను. ముందు అడుగుతాను. జవాబు కాగితం మీద పెన్నుతో రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు. పక్కవాడితో ఐదు నిమిషాలు వాదించుకోవాలి. ఆ తర్వాతే స్క్రీన్. దీనికి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలు, వాడతాను. కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ అనే ఆయన 2002లో మొదలుపెట్టాడు. అంతకు ముందు ఏడాదే ఆయనకి ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. అందులో సర్క్యూట్ కట్టే కిట్ ఉంది. తీగకి కరెంటు కొలిచే అమ్మీటర్ పెట్టి బల్బుకి ముందూ, తర్వాతా కొలిస్తే రెండు చోట్లా ఒకటే అంకె వస్తుంది. పెన్నుతో రాసి సంతకం పెట్టినంత పని చేసినవాడికి ఆ అంకె చూడగానే మొహం మారుతుంది. ఊరికే చూసినవాడికి ఏమీ మారదు. నేను గమనించింది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

నీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, ఇవి ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్క ఫైలుగా దిగుతుంది. ఇంట్లో నెట్ ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పో. మీ బడిలో నెట్ పదకొండింటికి పోయినా పాఠం ఆగదు.

అయితే దాంతో ఆపేయకు. సిమ్యులేషన్‌లో తీగ కొస దగ్గరికి తెస్తే చాలు, టక్కున అతుక్కుంటుంది. అక్కడ లూజ్ కనెక్షన్ అనేదే ఉండదు. స్క్రీన్ మీద మూడు బల్బులు వెలిగించిన మొనగాళ్ల చేతికి నిజం సెల్లు, నిజం టార్చి బల్బు, తీగ ముక్కలు ఇచ్చాను. తీగలు రెండూ తీసుకెళ్లి బల్బు అడుగున ఉన్న బొడిపెకే ఆనించారు. ఎంత సేపైనా వెలగదు కదా. పది నిమిషాలు తంటాలు పడ్డాక ఒకమ్మాయి రెండో తీగని పక్కనున్న మెటల్ గొట్టానికి తాకించింది. వెలిగింది చూడు, క్లాసంతా ఒకటే అరుపులు. పక్క క్లాసు టీచర్ తలుపు తీసి చూసి పోయింది.

లెక్కల్లో కూడా ఇదే తంతు. ఇక్కడ డెస్మోస్ అని గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ ఉంది. ఇప్పుడు కాలేజీలో చేరడానికి రాసే శాట్ పరీక్షలోనే దాన్ని పెట్టేశారు, కాబట్టి నేర్పక తప్పదు. సరళరేఖ సమీకరణం y = mx + cలో మనం చివర c అంటాం, వీళ్లు b అంటారు. మొదటి నెలంతా నేను బోర్డు మీద c రాయడం, పిల్లలు నవ్వడం. డెస్మోస్‌లో m, అంటే వాలు, విలువ జరుపుతుంటే గీత అలా లేచి ఇలా పడుతుంది. పిల్లలకి ముచ్చట, కానీ వాలు అంటే ఏంట్రా అంటే నోరు విప్పరు. అందుకే ముందు గ్రాఫ్ కాగితం మీద మూడు గీతలు చేత్తో గీయిస్తాను, m ఎంతైతే ఏమవుతుందో చెప్పమంటాను. తర్వాత డెస్మోస్‌తో సరిచూసుకోవడమే. జియోజీబ్రా అని బొమ్మలు గీసే ఇంకో ప్రోగ్రాం ఉంది. అందులో త్రిభుజం మూలలు పట్టి లాగుతూ కోణాలు కూడితే 180 రావాలి, ఒకడికి 179.9 వచ్చింది. "మిస్, రూల్ తప్పు" అన్నాడు. దశాంశాలు సవరించడం వల్ల వచ్చిన తేడా అది. దాని మీదే ఒక పీరియడ్ గడిచింది. వెయ్యిసార్లు లాగి చూసినా నిరూపించినట్టు కాదు కాబట్టి, మరుసటి రోజు సమాంతర రేఖ గీసి నిరూపణ మాత్రం మామూలుగా బోర్డు మీదే చెప్పాను.

ఇక అసలు సంగతి. ఆగస్టు రెండో వారంలో నువ్వు పంపిన ఫోటో గుర్తుందా, పంద్రాగస్టుకి సున్నం వేసిన దిమ్మె, జెండా కర్ర, దాని నీడ ఎక్కడా లేదు. మీకు అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర కావస్తోంది, నాకు తెల్లవారుజాము మూడు. నిద్రలో చూసి "బాగుంది" అని పంపేశాను. ఇక్కడ బడులు తెరిచాక క్లాసులో చూపిస్తే ఒక్కరూ నమ్మలేదు. నీడని ఎడిట్ చేసి తీసేశారన్నారు. వాళ్ల తప్పేం లేదు. షార్లెట్ 35 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్ 21న కూడా ఇక్కడ సూర్యుడు 78 డిగ్రీలు దాటి పైకి రాడు. నడినెత్తికి ఎప్పుడూ రాడు. నీడ లేని మధ్యాహ్నం వాళ్ల జీవితంలో లేదు.

"సరే, ఎడిట్ అని మీరే నిరూపించండి" అన్నాను. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా వాళ్ల సైటులో సూర్యుడి స్థానం చెప్పే కాలిక్యులేటర్ ఉంది. అనంతపురం అక్షాంశం, రేఖాంశం, నువ్వు ఫోటో తీసిన తేదీ, టైము వేసి చూశారు. సూర్యుడు దాదాపు 90 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. క్లాసు నిశ్శబ్దం. అప్పుడు ఒక పిల్ల మ్యాప్‌లో మన అనంతపురం అక్షాంశం మీదే పడమటికి జరుపుకుంటూ పోయి, అది హోండురస్ మీదుగా పోతోందని కనిపెట్టింది. వాళ్ల అమ్మమ్మ ఉండేది అక్కడే. రాత్రి ఫోన్ చేసి అడిగిందట, మీ ఊళ్లో కూడా నీడ పోతుందా అని. "మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఎవరు చూస్తారు తల్లీ" అందట ఆవిడ. అచ్చం మన జేజి మాట!

అక్కడి నుంచి పుట్టిందే సెప్టెంబరు 23 నాటి పని, నిన్ను కర్ర పాతమని వేధించింది అందుకే. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు భూమి చుట్టుకొలత కోసం చేసిన లెక్క అది. దక్షిణాన సైనీలో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదిలో పగలు ఎక్కువున్న రోజున మధ్యాహ్నం నీడ పడదు, ఉత్తరాన అలెగ్జాండ్రియాలో పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో 50వ వంతు, కాబట్టి రెండూళ్ల దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత. మీ మీటరు కర్రకి 27 సెంటీమీటర్ల నీడ అన్నావు. మాకు 72 వచ్చింది, మబ్బుల సందున, గడియారంలో ఒకటింబావుకి. ఇక్కడ వేసవి టైము కాబట్టి అసలు మధ్యాహ్నం అప్పుడే. మీ పదో తరగతి వాళ్లకి టాన్ వచ్చు. మావాళ్లది ఎనిమిది, త్రికోణమితి రాదు. గ్రాఫ్ కాగితం మీద స్కేలుకి త్రిభుజం గీసి కోణమానినితో కొలిచారు. మీది 15, మాది 35న్నర. తేడా 20న్నర డిగ్రీలు.

దూరం ఎంత? గూగుల్ మ్యాప్‌లో స్కేలు పెట్టి షార్లెట్ నుంచి అనంతపురానికి లాగారు, 14,000 కిలోమీటర్లు. దాన్ని 360తో గుణించి 20న్నరతో భాగిస్తే భూమి చుట్టుకొలత రెండు లక్షల 45 వేల కిలోమీటర్లు తేలింది! పుస్తకంలో ఉన్నది 40 వేలు. "మీ తమ్ముడి పిల్లలు తప్పు కొలిచారు" అని వెంటనే తీర్పు ఇచ్చేశారు. నేనేం మాట్లాడలేదు. నాకు కష్టమైన పని అదే, నీకు తెలుసుగా. పావుగంటకి ఒకడు గ్లోబు తెచ్చి తిప్పి, నీడ తేడా ఉత్తర దక్షిణాల వల్ల వచ్చింది, మనం కొలిచిన దూరంలో తూర్పు పడమరలు కలిసిపోయాయి అన్నాడు. అప్పుడు షార్లెట్ నుంచి నేరుగా దక్షిణానికి, అనంతపురం అక్షాంశం దాకా దిగారు. కరీబియన్ సముద్రంలో తేలారు. దూరం 2,270. లెక్క వేస్తే 39,800 పైచిలుకు. చప్పట్లు కొట్టుకున్నారు.

నేనూ కొట్టాను. వెనక బెంచీలో నోరు తెరవని పిల్లాడొకడు చెయ్యెత్తి, "మ్యాప్‌లో ఉన్న స్కేలుకి భూమి ఎంతో ముందే తెలుసు కదా మిస్, ఇది కాపీ కొట్టడం కాదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పింది నిజం.

అందుకే ఇప్పుడు నీకో పని. నిజంగా నేల మీద కొలిచిన దూరం కావాలి. ఆదిలాబాద్ నీకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది, ఐదు డిగ్రీల తేడా, 44వ నంబరు హైవే అటూ ఇటూ పోతుంది. మీ టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో అడిగి అక్కడి హైస్కూల్లో ఒక సైన్సు మాస్టారిని పట్టు. బస్సువాళ్ల కిలోమీటర్ల లెక్క తీసుకో. రోడ్డు వంకరలకి జవాబు ఎక్కువే వస్తుంది. ఎంత ఎక్కువ రావచ్చో ముందు పిల్లలతో రాయించు.

ఒక్క ప్యానెల్, యాభై మంది పిల్లలు అని బాధపడ్డావు. నాకైతే అసూయగా ఉంది. ఇక్కడ ఇరవై ఎనిమిది స్క్రీన్లు ఇరవై ఎనిమిది దిక్కులకి పోతాయి. ఒకడికి ఛార్జింగ్ ఉండదు, ఇంకొకడు పాస్‌వర్డ్ మర్చిపోతాడు, మూడోవాడు పక్క ట్యాబ్‌లో గేమ్ ఆడుతుంటాడు. నీ ఒక్క స్క్రీన్‌ని నువ్వు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి "ఇప్పుడేమవుతుంది, చెప్పండి" అనొచ్చు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ కొడితే ప్రభుత్వ దీక్షా సైటు వీడియోలు వస్తాయి కదా, ముందు రాత్రి నువ్వు చూసి అందులో పనికొచ్చే మూడు నిమిషాలు ఏరుకో. సౌండ్ తీసేసి నువ్వే మాట్లాడు, నీ గొంతు వాళ్లకి అలవాటు. చేత్తో చేసేవాటికి, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా సైటు చూడు, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు చాలు.

హోంవర్క్ గురించి కూడా అడిగావు. ఫోటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్‌లు ఇక్కడ అందరి ఫోన్లలో ఉన్నాయి, అక్కడికీ వచ్చేసే ఉంటాయి. పోట్లాడి లాభంలేదని నేను ఊరుకున్నాను. ఇప్పుడు లెక్క బదులు ఒక తప్పు సాధన ఇచ్చి, తప్పు ఏ మెట్టులో ఉందో, చేసినవాడు ఏమనుకుని అలా చేశాడో రాసుకు రమ్మంటున్నాను. అందులోనూ కాపీ కొట్టేవాళ్లు ఉన్నారు, కాదనను. టెన్షన్ మాత్రం తగ్గింది.

మీ బావ పచ్చళ్లు అయిపోయాయంటున్నాడు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే గోంగూర ఒక్కటి పంపించు. నా మేనకోడలికి ముద్దులు.

డిసెంబరు 20, శుక్రవారం, మళ్లీ కర్ర పాతు. ఆ రోజు మీ నీడ ఎంత ఉంటుందో మావాళ్లు ఇప్పుడే లెక్కకట్టి కవర్లో పెట్టి అంటించారు, అది నా బీరువాలో ఉంది. నువ్వు కొలిచి పంపు. అప్పటిదాకా ఎంత అడిగినా చెప్పను.

మీ అక్క